హెల్ప్‌లైన్ ఫైలు మీ చేతికొస్తే: ఆత్మహత్యల నివారణలో విధాన విశ్లేషకుల పని ఎలా చేయాలి

ఆరోగ్యశాఖలో విధాన విశ్లేషకులుగా చేరారు. ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ల ఫైలు మీకు అప్పగించారు. మొదటి వారంలోనే ఒక ప్రశ్న ఎదురవడం ఖాయం: నిరుడు ఎన్ని కాల్స్ వచ్చాయి? మంత్రి పేషీ అడుగుతుంది, చట్టసభ అడుగుతుంది, విలేకరులు అడుగుతారు. జవాబు చెప్పడం తేలికే. ఆ అంకె ఏటా పెరిగితే వినేవాళ్లకు సంతోషం కూడా. కానీ కాల్స్ పెరగడానికి కారణం ప్రచారం బాగా జరగడం కావచ్చు, జనంలో బాధ పెరగడం కావచ్చు, ఒకరే పదేపదే ఫోన్ చేయడం కావచ్చు. ఆ అంకె దేన్నీ తేల్చి చెప్పదు.

మీరు వెదకాల్సిన లెక్కలు వేరే రెండున్నాయి. మోగి మోగి, ఎవరూ ఎత్తకుండానే ఆగిపోయిన కాల్స్ ఎన్ని? ఎత్తి మాట్లాడాక, ఆ మనిషి తర్వాత ఎక్కడికి వెళ్లారో ఎవరికీ తెలియనివి ఎన్ని? ఈ రెంటినీ పట్టుకుంటే మిగతా పని దానంతట అదే దారిలో పడుతుంది.

1. హెల్ప్‌లైన్ ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందు తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 7,20,000 మందికి పైగా ఆత్మహత్యతో చనిపోతున్నారు. అందులో నాలుగింట మూడు వంతులకు కాస్త తక్కువ మంది అల్ప, మధ్య ఆదాయ దేశాల వారే. ఆ సంస్థ 2021లో దేశాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో నాలుగు ప్రధాన చర్యలున్నాయి: ప్రాణాంతకమైన సాధనాలు సులువుగా అందకుండా చూడటం, వార్తలు బాధ్యతగా రాసేలా మీడియాతో కలిసి పనిచేయడం, కౌమారంలో ఉన్న పిల్లలకు జీవన నైపుణ్యాలు నేర్పడం, ముప్పులో ఉన్నవారిని త్వరగా గుర్తించి చికిత్స అందించి ఆ తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండటం. ఈ నాలుగింటిలో హెల్ప్‌లైన్ విడిగా లేదు.

శ్రీలంక సంగతి కూడా మీ నోట్సులో ఉండాలి. అక్కడ 1990ల మధ్య నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించారు. 1995లో శిఖరానికి చేరిన ఆత్మహత్యల రేటు 2005 నాటికి సగానికి పడిపోయింది. ఏ దేశంలోనూ ఒక ఫోన్ నంబరు ఇంతటి ఫలితం చూపించిన దాఖలా లేదు. హెల్ప్‌లైన్ పెట్టాం కనుక నివారణ బాధ్యత తీరిపోయిందని ఏ సమావేశంలోనైనా ఎవరైనా అంటే, ఈ పేజీ తీసి చూపించండి.

అలాగని హెల్ప్‌లైన్‌ను తీసిపారేయకండి. దాని పని చాలా ఇరుకైనది: ప్రాణం మీదికి వచ్చిన ఆ ఒక్క గంటను దాటించడం. అర్ధరాత్రి ఆ పని చేయడానికి సాధారణంగా ఇంకెవరూ అందుబాటులో ఉండరు.

ఈ రంగానికి రెండు వేర్లున్నాయని గుర్తుంచుకోండి. 1953లో లండన్‌లో చాద్ వరా అనే మతాచార్యుడు మొదలుపెట్టిన సమారిటన్స్ అనే హెల్ప్‌లైన్ వలంటీర్ల మీద నడిచింది. ఓపికగా వినడం, నిర్ణయాన్ని మనిషికే వదలడం దాని పద్ధతి. 1958లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన నివారణ కేంద్రం మానసిక వైద్య నిపుణులు పెట్టినది. ముప్పును అంచనా వేయడం, జోక్యం చేసుకోవడం దాని పద్ధతి. ఈ రోజుకీ టెండరు పత్రాల్లో జరిగే సగం వాదనలు ఈ రెంటి మధ్యవే. మీ దగ్గరున్న కేంద్రాలు ఏ సంప్రదాయం నుంచి వచ్చాయో తెలియకుండా వాటిని ఒకే కొలబద్దతో కొలవకండి.

2. కాల్ నడిచే దారిని కాగితం మీద గీయండి

నంబరు నొక్కిన క్షణం నుంచి మాట ముగిసే దాకా ఏమేం జరుగుతుందో ఒక్కో మెట్టు రాయండి. ముందు రికార్డు చేసిన స్వాగత సందేశం, భాష ఎంచుకోమనే సూచన, కాల్ ఏ కేంద్రానికి వెళ్లాలో నిర్ణయించే వ్యవస్థ, మోగడం, అక్కడ ఎత్తకపోతే మరో కేంద్రానికి మళ్లడం, చివరికి ఒక గొంతు వినిపించడం. ప్రతి మెట్టు దగ్గర ఎంతమంది ఫోన్ పెట్టేస్తున్నారో అడగండి. స్వాగత సందేశం సుదీర్ఘంగా ఉంటే అక్కడే చాలామంది జారిపోతారు. ఏడుస్తున్న మనిషి చేత నాలుగు అంకెలు నొక్కించే మెనూను రూపొందించినవారు దాన్ని ఎప్పుడూ ఆ స్థితిలో వాడి ఉండరు.

మీరే ఫోన్ చేసి చూడాలనుకుంటే కేంద్రంతో ముందే మాట్లాడుకుని, రద్దీ లేని వేళ చేయండి. చెప్పకుండా చేసే పరీక్ష కాల్ ఒక కౌన్సెలర్‌ను నిజంగా అవసరమైన మనిషికి అందకుండా చేస్తుంది.

కాల్‌ను ఏ కేంద్రానికి పంపాలన్నది సాంకేతిక వివరంలా కనిపిస్తుంది గానీ అసలు విధానమంతా అక్కడే ఉంది. అమెరికాలో 988 అనే మూడంకెల హెల్ప్‌లైన్ నంబరు 2022 జులై 16న దేశమంతటా అమల్లోకి వచ్చింది. మొదట్లో కాల్స్‌ను ఫోన్ నంబరులోని ఏరియా కోడ్‌ను బట్టి మళ్లించేవారు. ఏళ్ల కిందట ఒక రాష్ట్రంలో తీసుకున్న మొబైల్ నంబరుతో మరో రాష్ట్రంలో ఉంటున్న మనిషి ఫోన్ చేస్తే, అది పాత రాష్ట్రానికి వెళ్లేది. ఎత్తిన కౌన్సెలర్‌కు ఆ మనిషి ఉన్న ఊళ్లో ఏ ఆసుపత్రి ఉందో, ఇంటికి వచ్చి సాయం చేసే ఏ సంచార బృందం ఉందో తెలిసే వీలు లేదు. 2024లో మొబైల్ కాల్స్‌ను సెల్ టవరు ఆధారంగా దగ్గరి కేంద్రానికి పంపడం మొదలైంది, అదే ఏడాది టెలికాం నియంత్రణ సంస్థ దాన్ని తప్పనిసరి చేసింది. ఇందులో కాల్ చేసినవారి కచ్చితమైన చిరునామా బయటపడదు, సుమారు ప్రాంతం మాత్రమే వాడుకుంటారు. మీ నంబరు ఏ పద్ధతిలో నడుస్తోందో మొదటి నెలలోనే తేల్చుకోండి.

ఇంకొక చిక్కు నిర్వచనాల్లో ఉంటుంది. 'ఎత్తిన కాల్స్ 95 శాతం' అని నివేదికలో ఉంటే, దేనిలో 95 శాతమని అడగండి. మెనూ దగ్గరే పెట్టేసినవారిని, కొన్ని సెకన్లలోపు పెట్టేసినవారిని హారంలోంచి, అంటే శాతం కట్టే మొత్తం సంఖ్యలోంచి, తీసేసే అలవాటు చాలాచోట్ల ఉంది. రెండు కేంద్రాలను పోల్చే ముందు రెండింటికీ హారం ఒకటే అయ్యేలా చూడండి. ఇది చేయకుండా ర్యాంకులు ప్రకటిస్తే నిజాయితీగా లెక్క రాసిన కేంద్రమే అట్టడుగున మిగులుతుంది.

3. కుర్చీల లెక్క మీరే వేయండి

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఎత్తని కాల్స్‌కు ప్రధాన కారణం చాలాసార్లు మనుషుల కొరతే. ఆ కొరత ఎంతో చెప్పడానికి డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఇచ్చిన సూత్రాలు ఈనాటికీ పనికొస్తాయి.

ఒక ఉదాహరణ చూడండి. రాత్రి పది గంటల వేళ గంటకు 12 కాల్స్ వస్తున్నాయనుకుందాం. వివరాలు నమోదు చేసుకునే సమయం కూడా కలిపి ఒక్కో కాల్‌కు సగటున 25 నిమిషాలు. 12ను 25తో హెచ్చిస్తే 300 నిమిషాలు, అంటే ప్రతి గంటకూ ఐదు గంటల పని. ఐదుగురు కౌన్సెలర్లు సరిపోతారని ఆర్థిక శాఖ అంటుంది. కానీ కాల్స్ ఐదు నిమిషాలకొకటి చొప్పున బుద్ధిగా రావు. ఒకేసారి నాలుగు వస్తాయి, ఆ తర్వాత కాసేపు ఏవీ రావు. ఐదుగురినే కూర్చోబెడితే వరుస అంతూ పొంతూ లేకుండా పెరుగుతుంది. ఎర్లాంగ్ సూత్రం ప్రకారం ఏడుగురుంటే దాదాపు ముగ్గురిలో ఒకరు ఆగాల్సి వస్తుంది, ఆగినవారికి సగటున పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. తొమ్మిది మందిని పెడితే వందలో ఎనిమిది మంది ఆగుతారు, ఆరు నిమిషాల పైచిలుకు. పది మందిని పెడితే ఆగేవారు వందలో నలుగురి లోపే, వారికి ఐదు నిమిషాలు.

మామూలు కాల్ సెంటర్‌లో మాట మూడు నిమిషాల్లో అయిపోతుంది గనుక ఒకరు ఆగినా ఏదో ఒక లైను వెంటనే ఖాళీ అవుతుంది. ఇక్కడ సంభాషణ పొడవైనది. ఆగడమంటూ మొదలైతే అది నిమిషాల్లోనే ఉంటుంది, సెకన్లలో ఉండదు. అందుకే వాణిజ్య కాల్ సెంటర్ల ప్రమాణాలను తెచ్చి ఈ టెండర్లలో అతికించవద్దు. సంభాషణ సగటు నిడివిని తగ్గించాలనే లక్ష్యం పెట్టడం మరీ ప్రమాదం.

పై ఉదాహరణలో పది మంది ఉన్నప్పుడు ఒక్కొక్కరు సగం సమయం ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆడిట్‌లో ఈ మాట తప్పక వస్తుంది. రోజంతా మంటలు ఆర్పలేదని అగ్నిమాపక సిబ్బంది జీతం ఎవరూ కోయరు కదా అని రాయండి, అభ్యంతరం లేదు. దాని కింద పై లెక్కను పట్టికగా వేసి పెట్టండి.

ఈ సూత్రం ఎవరూ విసిగి ఫోన్ పెట్టేయరన్న ఊహ మీద నడుస్తుంది. నిజంలో పెట్టేస్తారు. కాబట్టి మీకు అందే నివేదికల్లో 'సగటు నిరీక్షణ సమయం' బాగా తక్కువగా కనిపించవచ్చు, ఎందుకంటే ఎక్కువసేపు ఆగాల్సినవారు లెక్కలోంచి తప్పుకున్నారు. నిరీక్షణ సమయాన్ని, వదిలేసిన కాల్స్ సంఖ్యను ఎప్పుడూ పక్కపక్కనే చదవండి.

ఇక కుర్చీల నుంచి మనుషులకు రండి. ఒక కుర్చీని వారమంతా, రాత్రింబవళ్లు నింపాలంటే 168 గంటలు కావాలి. వారానికి 40 గంటల ఉద్యోగులతో లెక్కేస్తే 4.2 మంది. సెలవులు, శిక్షణ, కష్టమైన కాల్ తర్వాత తేరుకునే విరామం, పర్యవేక్షకులతో మాట్లాడే సమయం కలిపితే ఐదారుగురు. బడ్జెట్ ప్రతిపాదనలో 'పది మంది కౌన్సెలర్లు' అని ఉంటే, అవి పది కుర్చీలా, పది మంది మనుషులా అని అడగండి. పది మంది మనుషులైతే ఏ క్షణంలోనైనా ఫోను దగ్గర ఉండేది ఇద్దరే.

గంటల వారీ లెక్క తెప్పించుకోండి. రోజు సగటు ఇక్కడ పనికిరాదు. మధ్యాహ్నం ఖాళీగా ఉండి అర్ధరాత్రి మునిగిపోయే కేంద్రం సగటులో చక్కగా కనిపిస్తుంది.

4. అనుమతితో విని చూడండి

రహస్య ఒప్పందం మీద సంతకం చేసి, కేంద్రం నిబంధనలకు లోబడి, కొన్ని కాల్స్ వినే ఏర్పాటు చేసుకోండి. వినలేకపోతే కేంద్రంలోని నాణ్యతా పర్యవేక్షకుల పక్కన కూర్చుని వారు మార్కులు ఎలా వేస్తున్నారో చూడండి.

ఏం గమనించాలో చెప్పే పరిశోధన ఒకటుంది. అమెరికాలోని 14 కేంద్రాల్లో 2,611 కాల్స్‌ను శిక్షణ పొందిన పరిశీలకులు విని, ఫలితాలను 2007లో ప్రచురించారు. ఆత్మహత్య ముప్పును అంచనా వేసే ప్రశ్నలను సహాయకులు క్రమపద్ధతిలో అడగడం లేదని అందులో తేలింది. కేంద్రానికీ కేంద్రానికీ నాణ్యతలో చాలా తేడా కనిపించింది. ఇంకో ఆసక్తికరమైన సంగతి: సానుభూతి, గౌరవం, సమస్యను కలిసి విడదీసే పద్ధతి ఉన్న కాల్స్‌లో మంచి మార్పు కనిపించింది, చెప్పినదాన్నే తిరిగి అప్పజెప్పే 'చురుకైన వినికిడి' ఒక్కటే మంచి ఫలితంతో ముడిపడలేదు.

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అధికారుల్లోనూ ఉంది. అందుకు ఆధారం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. శిక్షణ ప్రమాణాల్లో ఆ ప్రశ్న తప్పనిసరిగా ఉండాలని మీ నోటులో రాయడానికి వెనకాడవద్దు.

5. చట్టం, గోప్యత

ఆత్మహత్యాయత్నం నేరమైన చోట హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడమంటే పోలీసులకు పట్టుబడటమేమోనన్న భయం ఉంటుంది. ఇంగ్లండ్ 1961లో ఈ నేరాన్ని చట్టంలోంచి తీసేసింది. సింగపూర్ 2020లో, ఘనా 2023లో ఆ పని చేశాయి. భారత్‌లో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వారిని శిక్షించకూడదని చెప్పింది. మీ పరిధిలో చట్టం ఏమంటుందో, పోలీసు స్టేషన్లలో నిజంగా ఏం జరుగుతుందో విడివిడిగా రాసుకోండి. రెండూ ఒకటి కాకపోవచ్చు.

కాల్ చేసినవారు ఒప్పుకోకపోయినా అత్యవసర సిబ్బందిని పంపాలా? దీనికి లిఖిత నియమం ఉండాలి: ఏ స్థాయి ముప్పులో పంపాలి, నిర్ణయం ఎవరిది, పంపుతున్నట్టు ఆ మనిషికి చెప్పాలా, వెళ్లేది పోలీసులా ఆరోగ్య బృందమా. 988 నిర్వాహకుల లెక్కలో అత్యవసర సిబ్బంది అవసరమైనవి 2 శాతం లోపే. మిగతావాటికి అత్యవసర సిబ్బందిని పంపాల్సిన అవసరం రావడం లేదు. ఈ సంగతిని జనానికి చెప్పడం వల్ల ఫోన్ చేయడానికి జంకేవారు తగ్గుతారు.

చిన్నవిగా కనిపించే విషయాలూ ఉన్నాయి. బ్రిటన్‌లో సమారిటన్స్ నంబరు 116 123కు కాల్ ఉచితం, ఫోన్ బిల్లులోనూ కనిపించదు. ఇంట్లో హింస భరిస్తున్న మనిషికి ఆ రెండో వెసులుబాటు ఎంత అవసరమో టెలికాం సంస్థలతో జరిగే సమావేశంలో మీరే చెప్పాలి, వాళ్లంతట వాళ్లకు తట్టదు. అలాగే సంభాషణల డేటా ఎవరి సొత్తో ఒప్పందంలో స్పష్టంగా రాయించండి. అమెరికాలో పేరున్న ఒక సందేశాల సేవ, పేర్లు తొలగించిన సంభాషణల డేటాను లాభాపేక్ష ఉన్న సంస్థతో పంచుకుందని 2022లో బయటపడి, విమర్శల తర్వాత ఆపేయాల్సి వచ్చింది.

6. ఫోన్ పెట్టేశాక ఏముందో చూడండి

అమెరికా 988 విధానం మూడు భాగాల మీద నిలబడింది: మాట్లాడేందుకు ఒకరు, అవసరమైతే ఇంటికి వచ్చేందుకు ఒకరు, వెళ్లేందుకు ఒక సురక్షితమైన చోటు. మొదటిది పెట్టడం తేలిక గనుక ప్రభుత్వాలు అక్కడితో ఆగిపోతుంటాయి.

కౌన్సెలర్ల దగ్గరున్న ఆసుపత్రులు, క్లినిక్‌ల జాబితా తీసుకోండి. అందులోంచి యాదృచ్ఛికంగా ఇరవై నంబర్లు ఎంచి ఫోన్ చేయండి. ఎన్ని పనిచేస్తున్నాయి? ఎన్నింటిలో ఈ వారం అపాయింట్‌మెంట్ దొరుకుతుంది? ఒక మధ్యాహ్నం పని ఇది. దీనితో వచ్చే పేజీన్నర నివేదిక, యాభై పేజీల వార్షిక నివేదిక కన్నా ఎక్కువ కదలిక తెస్తుంది.

మనిషి ఒప్పుకుంటే మర్నాడో, ఆ తర్వాతి రోజుల్లోనో కేంద్రమే తిరిగి ఫోన్ చేయడం మరో మంచి పద్ధతి. అయితే ఆ కాల్స్‌కూ కుర్చీలు కావాలి. పైన 3వ అంశంలోని కుర్చీల లెక్కలో వాటిని కలపడం మరచిపోతారు, కలపండి.

7. ఫలితాన్ని కొలిచేటప్పుడు తొందరపడవద్దు

'హెల్ప్‌లైన్ వల్ల ఆత్మహత్యలు తగ్గాయా' అని అడుగుతారు. 20 లక్షల జనాభా ఉన్న జిల్లాలో లక్షకు పది చొప్పున ఏటా 200 మరణాలనుకుందాం. ఏ మార్పూ లేకపోయినా ఆ సంఖ్య యాదృచ్ఛికంగానే ఏటా 28 వరకు అటూ ఇటూ ఊగుతుంది. నిజంగా పది శాతం తగ్గినా అది 20 మరణాలే, ఆ ఊగులాటలో కలిసిపోతుంది. కాబట్టి ఒక ఏడాది తగ్గిందని పండగ చేసుకోవద్దు, పెరిగిందని కేంద్రాన్ని మూయనివ్వద్దు. కాల్ మొదట్లో, చివర్లో మనిషి స్థితిలో తేడా, తదుపరి సేవకు చేరినవారి వాటా, వదిలేసిన కాల్స్: ఏటేటా పోల్చదగినవి ఇవి.

కాల్స్‌ను మనుషులుగా లెక్కించవద్దు. ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ సేవను అధ్యయనం చేస్తే ఫోన్ చేసినవారిలో 2.6 శాతం మంది నుంచే 60 శాతం కాల్స్ వస్తున్నట్టు తేలింది. పదేపదే చేసేవారిని అడ్డుకోవాలని వెంటనే ఎవరో ఒకరు సూచిస్తారు. వారిలో చాలామందికి నిజమైన ముప్పే ఉంటుంది. వారికి నిర్ణీత కౌన్సెలరును, నిర్ణీత వేళను కేటాయించే పద్ధతిని ప్రత్యామ్నాయంగా ముందుంచండి.

8. నోటు రాయండి

రెండు పేజీలు దాటనివ్వకండి. పైన కుర్చీల పట్టిక, దాని కింద మూడు ప్రత్యామ్నాయాలు, ఒక్కోదానికి ఎంతమంది ఎంతసేపు ఆగుతారో. ఉన్నదున్నట్టు వదిలేయడం కూడా ఒక ప్రత్యామ్నాయమే, దాని ఫలితాన్నీ అంకెల్లో చూపించండి. ఖర్చును ఒక్కసారి పెట్టేది, ఏటా పెట్టేది అని విడదీయండి. సాఫ్ట్‌వేరుకు డబ్బు ఇట్టే వస్తుంది, జీతాలకు రాదు. అమెరికాలో 2020 నాటి చట్టం 988 కోసం ఫోన్ బిల్లులపై చిన్న రుసుము వేసుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. ఏటా తిరిగొచ్చే ఖర్చుకు ఏటా తిరిగొచ్చే ఆదాయం చూపించే మార్గం అది.

ప్రచారం విషయంలో మాత్రం మొండిగా ఉండండి. కొత్త చిన్న నంబరు ప్రకటిస్తే కాల్స్ పెరుగుతాయి. కుర్చీలు నిండాకే పోస్టర్లు. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారైపోయిందని చెబుతారు. ఆ తేదీకి ఎంతమంది శిక్షణ పూర్తి చేసుకుని ఉంటారో రాతపూర్వకంగా ఫైల్లో పెట్టండి. ప్రముఖులెవరైనా ఆత్మహత్యతో చనిపోయిన వార్త వస్తే ఆ రోజు, ఆ తర్వాతి రోజులు కాల్స్ ఉప్పెనలా వస్తాయి. అదనపు సిబ్బందిని ఎవరు, ఎంతసేపట్లో పిలవాలో ముందే రాసి ఉంచండి.

పత్రికా ప్రకటనలో నంబరును అచ్చుకు పోయే ముందు ఇద్దరు విడివిడిగా సరిచూడాలి. ఒక్క అంకె తప్పినా కాల్స్ ఎవరో అపరిచితుల ఇంటికి వెళతాయి.

9. మీ సంగతి, మీ తర్వాత వచ్చేవారి సంగతి

ఈ ఫైళ్లు రోజూ చదివితే మనసు మీద పడుతుంది. మరణాల సమీక్షలను సాయంత్రం చివర్లో పెట్టుకోవద్దు, ఒంటరిగా చదవొద్దు. చదువుతున్న మీకే భారంగా ఉంటే మీరు రాసే నంబర్లు మీకూ వర్తిస్తాయి. భారత్‌లో ఉన్నవారికి 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగుతో సహా 20 భాషల్లో పలుకుతుంది.

బదిలీ ఉత్తర్వు ఎప్పుడైనా రావచ్చు. అందుకే మొదటి రోజు నుంచే అప్పగింత పత్రం ఒకటి తెరిచి ఉంచండి: ప్రతి కొలమానానికి మీరు వాడిన నిర్వచనం, హారంలో ఏం తీసేశారు, ఏ కేంద్రం లెక్క ఎప్పటి నుంచి మారింది, ఒప్పందాలు ఏ తేదీకి ముగుస్తాయి, ఒప్పందం ముగిసిన రాత్రి కాల్స్ ఎక్కడికి మళ్లుతాయి.